దిష్టి తియ్యకూడదన్న షరతు

ఆదివారం మా మనవరాలికి తలంటు నా చేతుల మీదే. షాంపూ ప్యాకెట్లు దండగ. కుంకుడుకాయలు నేనే కొట్టి నానేస్తాను. మాడుకు నూనె పట్టిస్తున్నంతసేపూ ఆ పిల్ల వారం రోజుల కబుర్లూ చెప్పేది. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ రెండో ఏడుకు వచ్చాక ఆ కబుర్లు ఆగిపోయాయి. రోజూ ఇంటి నుంచే బస్సులో వెళ్లివచ్చేది. కంచంలో సగం అన్నం వదిలేసేది, నిద్రపోయేది కాదు. ఏమైందే అని అడిగితే కన్నీళ్లు. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసి, "ఇంక పడుకో, పోయింది" అనేదాన్ని.

ఒక సాయంత్రం, "కాలేజీలో మేడమ్‌కి అన్నీ చెప్పానులే నాయనమ్మా" అంది.

పిల్లల బాధలు వినడానికి జీతమిచ్చి పెట్టారట ఆవిణ్ణి. నాకు ఒళ్లు మండిపోయింది. చంకనేసుకుని పెంచింది నేను, గుట్టు చెప్పేది ఆవిడకా?

మర్నాడే మా పెదపారుపూడి నుంచి గుడివాడ వచ్చి, బస్సు మారి ఆ కాలేజీకి వెళ్లాను. ఆ మేడమ్ నా చిన్న కూతురికన్నా చిన్నది. మర్యాదగా కుర్చీ వేసింది. అదీ నచ్చలేదు నాకు.

"ఏవమ్మా, ఏం చెప్పింది మా పిల్ల?"

"అది చెప్పకూడదండీ మామ్మగారూ. ప్రాణం మీదకొచ్చే మాటైతే తప్ప."

"సొంత నాయనమ్మని!"

"కన్నతల్లి అడిగినా ఇంతేనండి."

"అయితే నువ్వే నయం చేసెయ్యి. జీతం తీసుకోవట్లా?"

ఆవిడ నవ్వింది. "నేను వింటాను, దారి చెబుతాను, అంతవరకేనండి. మందు రాయడం నా పని కాదు. తనని బందరులో డాక్టరుకి చూపించాలి. ఇంట్లోవాళ్లు ఒకరు తోడు వెళ్లాలి. ఎవర్ని పిలవమంటావంటే మిమ్మల్నే పిలవమంది. ఒక షరతు కూడా చెప్పమందండి."

"ఏంటది?"

"దిష్టి తియ్యకూడదంట."

కొంగు దోపుకుని లేచాను.

ఆ శనివారం బందరు వెళ్లాం. డాక్టరు గది ముందు, "నాయనమ్మా, నువ్విక్కడే కూర్చో" అని బ్యాగు నా ఒళ్లో పెట్టి లోపలికెళ్లింది. తలుపు మూసుకుంది. మేడమ్ ఒక్కతే చాలదని ఇంకొకరా అనుకుంటూ, చాలాసేపు ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

తిరుగు బస్సులో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఎన్నాళ్లకో పట్టిన నిద్ర. భుజం తిమ్మిరెక్కినా కదల్లేదు. ఆ మేడమ్ మమ్మల్నిలా ఒక్కసారి చూస్తే బాగుండునని గుడివాడ దాకా అనుకుంటూనే ఉన్నాను.