గౌరితో తిరుపతి దాకా

తిరుపతికి అందరూ కొండెక్కడానికి పోతారు. మేం ఆవును పశువుల ఆసుపత్రిలో చూపించడానికి పోయాం. మా అక్క ఆవు పేరు గౌరి. ఐదారు రోజులకోసారి ఎదకొచ్చి ఆంబోతులా రంకెలు వేస్తోంది. చూలు కోసం మూడుసార్లు సూది వేయించినా నిలవలేదు. మా వైపు మూడు సూదులు దాటితే గొడ్డు కిందే లెక్క. పోయినేడు దీన్ని కన్న పెద్దావును అలాగే సంతలో అమ్మేశాం. అమ్మమన్నది నేనే. ఈసారి కూడా అదే మాటంటే అక్క కస్సుమంది. "ఒక్కసారి పెద్ద డాక్టరుకు సూపిద్దాం రా. ఆడ కూడా కాదంటే అప్పుడు అమ్ముదువులే."

పూతలపట్టులో పొద్దున ఐదున్నరకు మినీ వ్యాన్ ఎక్కించాం. రానుపోను, అక్కడ ఆగడంతో కలిపి రెండున్నర వేలు. పాకాల, చంద్రగిరి మీదుగా ఏడున్నరకల్లా చేరాం. డ్రైవరు మునిరత్నం పోయినేడు పెద్దావును సంతకు తోలినవాడే. "కింద గడ్డి పరిసినాను, జారదులే అక్కా" అన్నాడు. అక్క దారంతా వెనక గౌరి పక్కనే నిలబడింది.

డాక్టరమ్మ భుజం దాకా గ్లౌజు తొడిగి చూసి, తర్వాత స్కానింగ్ చేసింది. "అండాశయం మీద నీటిబుడగ ఉందమ్మా. పగలాల్సింది పగల్లేదు, అందుకే ఊరికే ఎదకొస్తోంది. ఇవాళ ఒక ఇంజెక్షను, పది రోజులకు ఇంకొకటి మీ ఊళ్లోనే. చాలావాటికి నయమవుతుంది."

నాకు ప్రాణం లేచొచ్చింది. అక్క ముఖం మాత్రం వాడిపోయింది. "మా పెద్దావు గూడా ఇట్నే అరిసేది మేడం. దానికీ ఇదేనా?"

"చూడకుండా చెప్పలేనమ్మా" అంది డాక్టరమ్మ చీటీ రాస్తూ. "అయ్యుండొచ్చు."

తిరిగొస్తూ చంద్రగిరి దగ్గర టీకి ఆగాం. "పెద్దావుకు గూడా రెండు సూదులతో పొయ్యేదేమో గదక్కా" అన్నాడు మునిరత్నం. "సంతలో దించినాక అది నా తట్టే సూస్తా నిలబడినాది." అక్క టీ గ్లాసు పట్టుకునే ఏడ్చింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

ఆవు ఎదకొచ్చినప్పుడల్లా కొట్టం గోడమీద బొగ్గుతో గీత గీయడం అక్క అలవాటు. పెద్దావు గీతలు ఇంకా ఉన్నాయి, నెలకు నాలుగైదు. ఎద బాగా వస్తోందని అప్పట్లో సంబరపడ్డాం. చదువుకున్నవాణ్ణి, ఆ గీతల్ని ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు. మీరు పోయేటట్టయితే ఎదకొచ్చిన తేదీలన్నీ రాసుకుని పోండి, డాక్టరు ముందు అడిగేది అదే. ఇరవై ఒక్క రోజులకు రావాల్సింది వారానికే వస్తుంటే, సంతకు తోలేముందు ఆసుపత్రికి తోలండి.

గౌరికి రెండో ఇంజెక్షను కూడా అయింది, అరుపులు తగ్గాయి. మొన్న కొట్టానికి సున్నం కొట్టిస్తుంటే, ఆ గోడ ఒక్కటీ వదిలేయమంది అక్క.