ఎందుకమ్మ సహాయపు పేజీ

ఆమెది పద్నాలుగేళ్ల తాత్కాలిక ఉద్యోగం. ఆ ఆరోగ్య గణాంకాల ఆఫీసుకి అధికారులు వచ్చారు, పోయారు. కదలకుండా ఉన్నవి రెండే: కారే ఏసీ, దాని కింద బకెట్ పక్కన ఆమె కుర్చీ. ఏ కాగితం చేతికిచ్చినా "ఎందుకు సార్?" అంటుంది కాబట్టి ఎందుకమ్మ అని పేరు పడిపోయింది.

ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి ఒకరిని పంపమని పైనుంచి ఉత్తరం వస్తే, పర్మనెంటు వాళ్లందరికీ ఒకేసారి నడుం నొప్పి పుట్టుకొచ్చింది. నలభై ఆరేళ్ల ఎందుకమ్మ వెళ్లింది. తిరిగొచ్చి, రోగులు ఆపరేషన్ కోసం ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నారో లెక్కగట్టే ఫంక్షన్, అంటే చిన్న ప్రోగ్రాము ముక్క, రాసింది. నెల తర్వాత తెరిచి చూస్తే తన రాత తనకే అంతుపట్టలేదు. ముందు తేదీలివ్వాలా, పేర్లా? ఖాళీ గడుల్ని ఏం చేస్తుంది? శిక్షణలో మేష్టారు అన్న మాట అప్పుడు తలకెక్కింది: "వచ్చే నెలకి నీకు నువ్వే పరాయిదానివమ్మా. ఆవిడ కోసం నాలుగు ముక్కలు రాసిపెట్టు."

అప్పట్నుంచి ప్రతి ఫంక్షన్ నెత్తిన నాలుగు వరుసలు: ఏం తీసుకుంటుంది, ఏం ఇస్తుంది, ఏం వదిలేస్తుంది, ఎందుకు. వాటి కింద రచయితగా తన పేరు. ప్రశ్నార్థకం కొట్టి ఫంక్షన్ పేరు రాస్తే ఆ వరుసలు సహాయపు పేజీగా తెర మీదికొస్తాయి. మొదట్లో అతి చేసింది. రెండంకెలు కూడే ఫంక్షన్‌కి పేజీన్నర రాసింది.

"గోరంత పనికి కొండంత వివరణా అక్కా?" అని నవ్వింది టైపిస్టు.

ఓరోజు పెద్దసారు ఆమె తెర మీదికి వంగి చూశారు. "సగటు తొంభై ఏడు రోజులా? అరవై లోపు చూపించాలమ్మా."

"ఎందుకు సార్?"

"పైవాళ్లకి అరవై ఇష్టం. తొంభై దాటినవాళ్లని తీసెయ్. శాస్త్రంలో వాళ్లని అసాధారణ విలువలంటారు."

"అందులో మా వదిన ఉంది సార్. తుంటి ఎముక. నూట నలభై రోజులైంది. ఆపరేషన్‌కి ఎవర్ని పిలవాలో ఆస్పత్రికి పంపే జాబితా కూడా ఈ లెక్కలోంచే కదా?"

"మీ వదిన అసాధారణమేనమ్మా, ఏం చేస్తాం?"

కాంట్రాక్టు పొడిగింపు ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. ఎందుకమ్మ కొత్త ఫంక్షన్ రాసింది. సగటు యాభై ఎనిమిదికి దిగింది. సాయంత్రం మంచం మీంచి వదిన అడిగింది: "ఏమ్మా, నా పిలుపు సంగతేమైనా తెలిసిందా?"

"ఇంకా లెక్క తేలలేదు వదినా," అంది గోడ వైపు చూస్తూ.

చెప్పిన పని చేసింది గానీ, నాలుగు వరుసలు రాయకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు. "వదిలేసేది: తొంభై రోజులు దాటిన నాలుగు వందల పన్నెండు మందిని. ఎందుకు: సగటు అరవై లోపు కనపడాలని నోటిమాటగా ఆదేశం."

యాభై ఎనిమిది చూసి పైఆఫీసు మురిసిపోయింది. ఆ ఫంక్షన్లు తెచ్చి చూపించమంది. పెద్దసారు పరుగున వచ్చారు. "రచయిత అని ఉన్న చోటల్లా నా పేరు పెట్టమ్మా. నీ ఫైలు మీద సంతకం పెడతా."

"సొమ్మొకడిది, సోకొకడిది," టైపిస్టు గొణిగింది.

"ఆ పేరు పైన రాసినవి ఒకసారి చదువుతారా సార్?"

"అవన్నీ చదివే తీరిక నాకెక్కడిదమ్మా! పేరు మార్చు చాలు. మిగతాది అక్షరం కదపకు."

కదపలేదు.

పైఆఫీసు హాల్లో డైరెక్టరమ్మ అడిగింది: "తొంభై ఏడు కాస్తా యాభై ఎనిమిది ఎలా అయిందండీ?"

"అంతా సహాయపు పేజీలో వివరంగా రాశాను మేడం. చూపించమ్మా!"

ఎందుకమ్మ ప్రశ్నార్థకం కొట్టింది. గోడ నిండా పేజీ పరుచుకుంది. నాలుగు వందల పన్నెండు మంది, నోటిమాట, కింద రచయితగా సారు పేరు. 

తమ మనిషిని శిక్షిస్తే ఆ అరవై కోరిందెవరన్న మాట వస్తుంది. అందుకని పైఆఫీసు ఆయన్ని పొగిడింది. చేసిన తప్పును స్వయంగా రాసి పెట్టిన మొదటి అధికారి అంటూ పారదర్శకతకు ప్రశంసాపత్రం ఇచ్చింది. రాసిందెవరని ఒక్కరూ అడగలేదు. ఆ నాలుగు వందల పన్నెండు మంది తిరిగి జాబితాకెక్కారు. పదో రోజున వదినకి పిలుపొచ్చింది. ఎందుకమ్మకి మూడు నెలల పొడిగింపు దక్కింది, తాత్కాలికంగా.

ప్రశంసాపత్రానికి అద్దం కట్టించుకున్న మర్నాడు పెద్దసారు కుర్చీ లాక్కుని బకెట్ పక్కన కూర్చున్నారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"అమ్మా, మిగతా ఫంక్షన్లలో నేను ఇంకేమేం రాశానో కాస్త చదివి చెప్పు."