ఫైరింజన్ బాబాయ్ రాయించిన దారులు

మా ఫైరింజన్ బాబాయ్ పోయాడు. మంగళవారం పొద్దున్న నేను షాపు షట్టరు సగం ఎత్తానో లేదో, ఆయన పెద్దమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నాన్న ఎలిపోనారు. టీ అడిగేరు. నేను గ్లాసు పట్టుకొచ్చీసరికి కుర్చీలోనే అలగ ఒరిగిపోనారు" అంది. ఏడవాల్సిన చోట నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "టీ తాగకుండానే వెళ్ళిపోయాడా?" అని. అంత ఏడుపులోనూ ఆ పిల్ల ఫక్కున నవ్వింది. గ్లాసులో టీని అర నిమిషం మించి ఉండనిచ్చిన మనిషి కాదాయన.

నాకు చోడవరంలో జిరాక్సు, డీటీపీ షాపు ఉంది. బాబాయ్ మాకు చుట్టమేమీ కాదు, మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవాడు. ఫైర్ సర్వీసులో చేరిన దగ్గర్నుంచి రిటైరయ్యేదాకా డ్రైవరుగానే చేశాడు. అందుకని వీధిలో పసిపిల్లల దగ్గర్నుంచి ముసలమ్మల దాకా అందరికీ ఆయన ఫైరింజన్ బాబాయే. నాకు నలభై దాటాయి, మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. అయినా ఆయనకి మాత్రం నేను గుంటనే, చిన్నపిల్లనే. షాపు నిండా జనం ఉన్నా సరే, గుమ్మంలోంచే "ఏటే గుంటా, కరెంటున్నాదా?" అని కేకేసేవాడు.

పొగలు కక్కే టీని రెండు గుక్కల్లో దించేసేవాడు. అన్నం నాలుగు నిమిషాల్లో అయిపోయేది. నెమ్మదిగా తినొచ్చు కదా బాబాయ్ అంటే "బెల్లు కొడితే?" అనేవాడు. రిటైరయ్యాక కొట్టడానికి బెల్లెక్కడిది? అయినా ఆ ఇంట్లో స్కూటరు ఎప్పుడూ రోడ్డు వైపే మొహం పెట్టి ఉండేది. పెళ్ళికి పిలిస్తే వధూవరుల్ని చూడకముందే వంటవాళ్ళ దగ్గరకి వెళ్ళి గ్యాస్ సిలిండర్లు లెక్కపెట్టేవాడు. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌లో సిలిండర్లన్నీ టెంటు బయటకి లాగించి మళ్ళీ పెట్టించేసరికి భోజనాలు గంట లేటు. మా ఆయన పళ్ళు నూరుకుంటూ తిరిగాడు. బాబాయ్ మాత్రం పీటల మీద ఉన్న మా పిల్లకి అక్షింతలు వేసి, "దీర్ఘాయుష్మతీభవ, ఇప్పుడు నిజంగానే" అన్నాడు.

ఆయన సర్వీసులో జరిగిన ఒక తప్పు గురించి ముందు చెప్పాలి. చెప్పకపోతే ఆయనే ఒప్పుకోడు.

మా వైపు చెరుకు క్రషింగ్ మొదలైతే రోడ్లు రోడ్లలా ఉండవు. ఫ్యాక్టరీకి వెళ్ళే బళ్ళు, ట్రాక్టర్లు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరతాయి. అలాంటి ఒక మధ్యాహ్నం రావికమతం వైపు ఒక ఊళ్ళో తాటాకిళ్ళు అంటుకున్నాయని ఫోనొచ్చింది. అప్పటికి బాబాయ్ ఆ ప్రాంతానికి కొత్త. తెలిసిన రోడ్డు ఒక్కటే, ఆ రోడ్డునే ఇంజను తోలాడు. చెరుకు బళ్ళ మధ్య ఇరుక్కుపోయాడు. సైరన్ మోగిస్తే ఎడ్లు బెదిరి అడ్డం తిరిగాయి. తీరా ఊరు చేరేసరికి ఒక వీధి వీధంతా బూడిదే. అదృష్టం కొద్దీ మనుషులందరూ బయటపడ్డారు. బూడిదలో తన గిన్నెలు వెతుక్కుంటున్న ఒక ముసలమ్మ తలెత్తి, తిట్టకుండా, చాలా మామూలుగా అడిగిందట. "నీకు ముందున్న డ్రైవరు సెరువు గట్టు మీంచి వచ్చీసీవోడు నాయినా. నీకు సెప్పనేదేటి?"

మర్నాడే బాబాయ్ ఆ పాత డ్రైవరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఇంకా ఇలాంటి దారులు ఏమేం తెలుసో అడిగి రాసుకుందామని. వెళ్ళేసరికి గోడ మీద ఆ డ్రైవరు ఫోటోకి దండ వేసి ఉంది. ఆయన పోయి అప్పటికి ఏడాదయిందట. ఆయనతో పాటు ఎన్ని గట్లు, ఎన్ని బాటలు, ఎన్ని నూతులు పోయాయో ఎవరికీ తెలీదు.

ఆ రోజు కొన్న నోటుబుక్కుతో మొదలై, రిటైరయ్యేసరికి అవి ట్రంకుపెట్టె నిండా అయ్యాయి. రిటైరయ్యాక పని ఇంకా పెరిగింది. పొద్దున్నే టిఫిన్ చేసేసి షేర్ ఆటో ఎక్కి కె.కోటపాడో, చీడికాడో వెళ్ళిపోయేవాడు. ఫైర్ స్టేషన్లు లేని రోజుల్లో ఊళ్ళవాళ్ళు మంటలెలా ఆర్పుకున్నారు, నీళ్ళెక్కడ్నుంచి తెచ్చారు, ఏ దారి మూసుకుపోయింది, అన్నీ ముసలివాళ్ళ దగ్గర కూర్చుని అడిగేవాడు. చిక్కేమిటంటే, ఆయనకి నాలుగు మంచి మాటలు మాట్లాడి అసలు సంగతికి రావడం చేతకాదు. చీడికాడ దగ్గర ఒక ఊళ్ళో ఎవరింట్లోనో గృహప్రవేశం జరుగుతుంటే నేరుగా అరుగు మీదున్న అవ్వ దగ్గరకి వెళ్ళి, "అమ్మా, మీ ఊరు ఎప్పుడు తగలబడింది?" అని అడిగాడు.

"శుభమా అని గుంటలు కొత్తింట్లో పాలు పొంగిస్తంటే ఏటా మాట? నీ నోట్లో మన్నుపడ!" అని ఆవిడ కర్ర అందుకుందట. బాబాయ్ కదల్లేదు. తిట్లన్నీ అయ్యాక అవ్వే కాస్త అలసిపోయి, "ఏ తగలబడ్డం గురించి అడుగుతన్నావు? పెద్దదా, సిన్నదా?" అంది. ఆ తర్వాత రెండు గంటలు చెప్పింది. పులిహోరా, పరవాన్నం పెట్టించి మరీ పంపింది.

ఆవిడ చెప్పిన సంగతి బాబాయ్ నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా కళ్ళు మెరిసేవి. వాళ్ళ ఊళ్ళో ఇల్లు అంటుకుంటే ఆ ఇంటి మీదకి ఎవరూ పరుగెత్తేవారు కాదట. "కాలతన్నది కాలనీ బాబూ, దాని పని అయిపోనాది. గాలి ఎటు పోతందో సూసి, అటేపు మూడో ఇంటి కప్పు పీకీసీవోళ్ళం. నిప్పుకి అందకుండా" అందట అవ్వ.

"మరి ఆ ఇంటోడు ఊరుకుంటాడేటి? ఆడి ఇల్లు కాలనేదు కదా?" అని బాబాయ్ అడిగాడట.

"ఎందుకూరుకోడు? మర్నాడు పొద్దున్న ఊళ్ళో మొదటి తాటాకు ఆడి ఇంటికే. ఊరంతా కలిసి ముందు ఆడికి కప్పు ఏసీసీవోళ్ళం. ఇల్లు కాలినోళ్ళకి ఆ తరవాతే."

ఇది పాతకాలపు ముచ్చట అనుకున్నాను నేను. బాబాయ్ కోప్పడ్డాడు. "ముచ్చటేటే? రేపటి పని ఇది. సెరుకు తోట అంటుకుంటే ఎదర కాలని సేను అడ్డంగా కొట్టీయాల. కొట్టనిస్తాడేటి రైతు? కత్తట్టుకుని మా మీదకొచ్చినోళ్ళున్నారు. ఊరు ఆడికి ముందే మాటిస్తే కదా ఆడు ఒప్పుకుంటాడు!" అన్నాడు. పుస్తకంలో ఆ పేజీ అడుగున ఒక వాక్యం రాయించాడు. ఎవరి చేను కొట్టాల్సి వస్తుందో వాళ్ళకి ఊరు ఏమిస్తుందో, నిప్పు రాకముందే పెద్దల్ని కూర్చోబెట్టి మాట్లాడించండి అని.

పుస్తకం అన్నాను కదా. ఆ నోటుబుక్కులన్నీ టైపు చేసింది నేనే. అందులో నా గొప్పేమీ లేదు, ఆయన దస్తూరీ ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలిసేది కాదు. రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ మేం పోట్లాడుకోని రోజు లేదు. నాకు కాస్త అలంకారాల పిచ్చి. ఒకసారి "అగ్నికీలలు ఆకాశాన్నంటాయి" అని కొట్టాను. స్క్రీను దగ్గరకి వంగి, అద్దాలు సర్దుకుని, "కీలలేటి? నువ్వు సూసేవేటి? మంట తాటిసెట్టులో సగానికి వచ్చింది. అదే రాయి" అన్నాడు. ఇంకోసారి "భయంకరమైన ప్రమాదం" అని కొడితే, "అలగ రాస్తే సదివినోడు భయపడతాడు. పైపు ఎన్ని ముక్కలు జోడించేమో రాయి, పనికొస్తాది" అన్నాడు. ఇప్పుడు మా అమ్మాయి పరీక్షకని రాసుకున్న వ్యాసం చూపించినా నా చేయి ముందుగా విశేషణాల మీదకే వెళ్తుంది, కొట్టేయడానికి.

మొదటి పేజీలో ఏం పెట్టాలన్న దగ్గర పెద్ద రభస జరిగింది. ఆయన ఫోటో, దండం పెట్టుకునే దేవుడి బొమ్మ పెడదామని వాళ్ళ పెద్దమ్మాయి కోరిక. బాబాయ్ చెరుకు బళ్ళలో ఇరుక్కున్న సంగతే పెట్టాలన్నాడు. "నాన్నా, పరువు పోద్ది" అని ఆ పిల్ల బతిమాలింది. "తప్పు ముందర రాయాల. ఒప్పు ఎవుడైనా రాస్తాడు" అన్నాడు బాబాయ్. అంతే, అదే మొదటి పేజీ అయింది.

ఊరూరికీ ఒక పేజీ. వెళ్ళడానికి ఎన్ని దారులు, ఏ నెలలో ఏది మూసుకుపోతుంది, ఇంజను బరువుకి ఏ కల్వర్టు ఆగుతుంది, ఎండాకాలంలో కూడా నీళ్ళుండే నుయ్యి ఏది. స్పైరల్ బైండింగ్ చేసి, పైన ప్లాస్టిక్ అట్ట వేసి ఇచ్చాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషన్‌కి పట్టుకెళ్ళాడు. అప్పుడున్న ఆఫీసరుగారు మర్యాదగానే తీసుకుని, "ఇప్పుడు ఫోన్లో మ్యాపులన్నీ ఉన్నాయి కదండీ" అన్నారట. "ఉన్నాయి బాబూ. అందులో సెరుకు బళ్ళుండవు" అన్నాడట ఈయన. ఆయన నవ్వి, పుస్తకాన్ని ఇంజనులో డ్రైవరు సీటు పక్కన పెట్టించారు.

పెట్టించారు గానీ ఎవరూ తెరవలేదు. నెలకోసారి బాబాయ్ పలకరింపు వంకతో వెళ్ళి, ఇంజనెక్కి, పుస్తకం చూసొచ్చేవాడు. పోయిన వర్షాకాలంలో ఒకరోజు అక్కడ్నుంచి నేరుగా షాపుకొచ్చాడు. టీ తెప్పిస్తే ముట్టుకోలేదు. నాకు గుబులేసింది.

"పేజీలు ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయే గుంటా" అన్నాడు. "మా ముందు డ్రైవరు ఏటీ రాయకుండా ఎలిపోనాడు. నేను రాసీసి ఎలిపోతన్నాను. రెండూ ఒకటే అయిపోద్దేటి?" అని అడిగాడు.

"ఎవరో ఒకరు తీస్తారులే బాబాయ్" అన్నాను. ఊరికే అన్నాను. నాకే నమ్మకం లేదు. ఆ మాట అన్నందుకు ఆయన పోయిన రోజు నుంచీ నా మనసు పీకుతూనే ఉంది. ఆ పుస్తకం పట్టుకుని నేనైనా నాలుగు స్టేషన్లు తిరిగి ఉండాల్సింది.

ఆయన పోయిన పదో రోజు. మధ్యాహ్నం షాపు ముందు ఫైరింజన్ వచ్చి ఆగింది. ఇక చూడండి. పక్క స్వీట్ షాపు యజమాని నా షాపే అంటుకుందనుకుని బకెట్టు నీళ్ళు తెచ్చి, నేను వద్దు వద్దంటున్నా గుమ్మంలో ఉన్న రెండు పేపరు కట్టల మీద గుమ్మరించేశాడు. ఎదురు మందుల షాపువాళ్ళు మెయిన్ ఆఫ్ చేయమని అరుస్తున్నారు. ఇంజనులోంచి యాభై ఏళ్ళ డ్రైవరు దిగాడు. ఒళ్ళంతా మసి, కనురెప్పల మీద కూడా.

"నిప్పు ఇక్కడ కాదండి బాబూ, అక్కడ ఆర్పీసే వస్తన్నాం" అని జనాన్ని సర్ది, లోపలికొచ్చాడు. చేతిలో మా పుస్తకం ఉంది. "ఇది టైపు సేసింది మీరేనాండి? ఎనక అట్ట మీద షాపు పేరుంది. ఇందులో తప్పున్నాదండి."

ఆ పుస్తకాన్ని ఆయన చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. తప్పు ఉందని కాదు. తప్పు ఉందని తెలియాలంటే ఎవరో ఒకరు చదివి ఉండాలి కదా.

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాక చెప్పాడు. బదిలీ మీద వచ్చి ఇంకా నెల కాలేదట. కె.కోటపాడు అవతల చెరుకు తోట అంటుకుందని ఫోనొస్తే బయల్దేరారు. రోడ్డంతా ట్రాక్టర్లు. సీటు పక్కనున్న పుస్తకం తీసి ఆ ఊరి పేజీ చూస్తే మామిడి తోటల్లోంచి బండి బాట ఉందని కనబడింది. ఆ బాటనే వెళ్ళి, నిప్పు ఊరి అంచునున్న పాకల్ని అందుకోకముందే పట్టేశారు. "మరి ఇంజన్లో నీళ్ళు అయిపోయేక బడెనక నుయ్యి అని రాసేరు కదండి? ఆ నుయ్యి పూడ్చీసేరండి. దాని మీద గది కట్టీసేరు. ఇటికల బట్టీ కాడ కొత్త బోరున్నాది. అది ఎతుక్కునేసరికి పది నిమిషాలు పోనాయి. ఈ పెద్దాయన ఇల్లెక్కడండి? ఆయనకే సెప్దామని వచ్చేను."

బాబాయ్ పోయి పది రోజులైందని చెప్పాను. ఆయన మసి చేతుల్తోనే నా బల్ల మీది పెన్ను తీసుకుని, బొటనవేలితో పేజీ నొక్కిపెట్టి, నుయ్యి అన్న మాటని కొట్టేసి, దాని పక్కన తన చేతి రాతతో 'ఇటికల బట్టీ బోరు' అని రాశాడు. రాసి, అన్ని స్టేషన్ల వాళ్ళకీ పంపిస్తాను, ఆ పేజీ ఒక పాతిక కాపీలు తీయండి అన్నాడు.

తీశాను. మెషీను వెచ్చటి కాగితాలు ఒక్కొక్కటే బయటికి తోస్తోంది. కొట్టేసిన నుయ్యి, కొత్త బోరు, పేజీ అంచున ఆయన మసి వేలిముద్ర, గీతలతో సహా. వేరే రోజైతే ఆ ముద్ర రాకుండా మూసి తీసేదాన్ని. పాతిక కాపీల్లోనూ నల్లగా రానిచ్చాను.