మా ఆవిడ పాలకు ఫ్యాట్ చూసిన రోజు

ఊరంతటి ముందూ, కట్టుకున్న భార్య ముందూ, డాక్టరమ్మ ముందూ రెండు రోజుల్లో పరువు మొత్తం పోగొట్టుకోవడం ఎలాగో తెలుసుకోవాలని ఉందా? రండి, ఉచితంగా చెబుతాను.

రొంపిచెర్ల దగ్గర మా ఊళ్ళో పాలకేంద్రం నాదే. మూడేళ్ళ కిందట నేనంటే జనానికి హడల్. చుక్క నీళ్ళు కలిసినా క్యానుతో సహా వెనక్కి పంపేవాణ్ణి. పాలలో ఫ్యాట్, అంటే వెన్న శాతం, చూసే మిషను మీద చెయ్యేసి "మిషను అబద్ధం చెప్పదు" అని రోజుకు పదిసార్లు అనేవాణ్ణి. ఓ మిషను చేతికొస్తే చాలు, కొందరికి కళ్ళు నెత్తికెక్కుతాయి.

అప్పటికి మా పాపకు నాలుగో నెల. టీకా కోసం నరసరావుపేట ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ మా ఆవిడ సునీతకు ఓ సంగతి చెప్పింది. తల్లిపాలలో రొమ్ము లోపలి నుంచి రాలిన కణాలు కొన్ని ఉంటాయట. వాటిని చూసి రొమ్ము క్యాన్సర్ ముప్పును ముందే పసిగట్టగలమా అని పరిశోధన చేస్తున్నారట, దానికి కొందరు తల్లుల పాలు కావాలట.

"ఇది నీకు చేసే పరీక్ష కాదమ్మా, రిపోర్టేమీ రాదు" అని కూడా చెప్పింది.

"నాకు రాకపోతే ఏందమ్మా, మా పాప నాటికన్నా పనికొస్తది" అంది సునీత. మా అత్తగారు ఆ జబ్బుతోనే పోయింది. బయటపడేసరికే ముదిరిపోయింది.

అనుకున్న రోజు తెల్లారుజామునే, పాప ఏడుస్తున్నా ఓ పక్కన పడుకోబెట్టి, ఆసుపత్రి వాళ్ళిచ్చిన సీసాలోకి తన పాలు పట్టింది. ఐసు డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది.

"కేంద్రం పనవగానే పేటకు తీసకపో. పది లోపల ఇయ్యాలంట. జాగ్రత్త."

"పాల గురించి నాకు చెబుతున్నావా?" అన్నాను.

కేంద్రంలో ఐసు కరిగిందేమోనని డబ్బా తెరిచి, సీసా తీసి బల్లమీద పెట్టానో లేదో, జనం వచ్చిపడ్డారు. క్యాన్లు, చెంబులు, గిన్నెలు. నా చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. బల్లమీద తెల్లగా ఏది కనబడితే అది మిషను కప్పులోకి పోయడమే. ఓ అంకె చూసి నాకు ఒళ్ళు మండింది.

"ఎవురియ్యి ఈ పాలు? ఇంత పల్చగానా? సగం నీళ్ళే."

వరస మొత్తాన్నీ ఓసారి ఉరిమి చూశాను.

"సిగ్గుండాల. పసిపిల్లలు తాగే పాలు ఇయ్యి."

వరసలో ముందున్న నాగమ్మ పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒరేయ్ అబ్బాయ్, ఆ సీసా నువ్వే తెచ్చినట్టున్నావే."

సీసా తిప్పి చూశాను. దాని మీద మా ఆవిడ పేరుంది.

"మరి ఎనక్కి పంపుతావా?" అంది పిన్ని. "రూలు రూలేగా."

వరస వరసంతా పడీపడీ నవ్వింది. నేను గబగబా కప్పులో పాలు మళ్ళీ సీసాలో పోసి మూత బిగించాను. ఆ కప్పులో అప్పటికే పదిహేను గేదెల పాలు పడ్డాయని తట్టలేదు. నవ్వండి, నవ్వండి, అప్పుడు నాకదే గొప్ప తెలివనిపించింది. బండి తీసేలోగా సునీత రానే వచ్చింది. మా ఊళ్ళో కబురుకు పెట్రోలు అక్కర్లేదు.

"ఏందయ్యా, నా పాలల్లో నీళ్ళున్నయ్యంట?"

"అది గేదెల మిషనే. మనుషుల పాలు దానికేం తెలుసు?"

"అబద్ధం చెప్పదంటివిగా."

"ఏం పోలేదులే, మళ్ళీ సీసాలో పోశాను."

ఆమె సీసా అందుకుని చూసింది. గొంతు తగ్గింది. "మా అమ్మ సంగతి ముందుగా ఎవురికీ తెలవలా. పిల్ల ఏడస్తన్నా ఆపి పట్టిన పాలు ఇయ్యి. దీంట్లో గేదెల్ని కలిపినావు."

చానా సిగ్గేసింది.

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, రేపు ఆసుపత్రికే వచ్చి ఇవ్వమంది. మర్నాడు సునీత పాపను ఎత్తుకుని తానే వచ్చింది. అక్కడే గదిలో కూర్చుని సీసా నింపి డాక్టరమ్మ చేతిలో పెట్టింది. నేను గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"నిన్ననే తెస్తామన్నారు కదమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నిన్న మా ఊరి కేంద్రంలో పోసుకోలేదమ్మా. పల్చగా ఉన్నయ్యని తిప్పికొట్టారు."

"ఎవరు?"

సునీత నావైపు చెయ్యి చూపించింది. "అదిగో, ఆయన. నాకు మొగుడవుతాడు."

ఆ ఆసుపత్రి వరండాలో, చీపురు పట్టుకుని నిలబడిన ఆయా సాక్షిగా ప్రమాణం చేశాను. నా కంఠంలో ప్రాణముండగా, నాలుగు కాళ్ళు లేని ఏ జీవి పాలకూ ఇక నేను ఫ్యాట్ చూడను.