హద్దురాయికి ఒడిబియ్యం

మొన్న పొద్దున పాల ప్యాకెట్ కోసం బయటికి వెళ్ళినవాణ్ణి గంటసేపటికి గాని ఇల్లు చేరలేదు. మా వీధి మలుపులో ఒక అమ్మాయీ అబ్బాయీ మూడుకాళ్ళ స్టాండు మీద ఏదో యంత్రం బిగించి, దానివంకా చేతిలోని ఫోనువంకా మార్చి మార్చి చూసుకుంటూ నేల కొలుస్తున్నారు. ఏమిటమ్మా ఇది అని అడిగితే, మా ఊరికీ పక్క ఊరికీ మధ్య హద్దులు సవరిస్తున్నారనీ, మురికి కాలువలూ రోడ్లూ చెత్తబండ్లూ ఏ ఇంటికి ఎటునుంచి దగ్గరైతే అటునుంచే అందేలా చేస్తారనీ ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. మరి గొలుసేదీ అన్నాను. ఏం గొలుసు తాతా అంది. నేను సర్వే ఆఫీసులో చైన్‌మన్‌గా చేసి రిటైరైనవాణ్ణని చెప్పుకుని అలా నిలబడి చూస్తూ ఉండగానే వాళ్ళ పని అయిపోవడం, బండెక్కి వెళ్ళిపోవడం జరిగిపోయాయి. పాలేవి అని మా ఆవిడ అడిగేదాకా నేను పాలకే బయలుదేరానన్న సంగతి గుర్తు రాలేదు.

నా ఈడువాళ్ళలో చాలామంది ఆ గొలుసును చూసే ఉంటారు. వంద లింకుల ఇనుప గొలుసు, రెండు చివర్లా ఇత్తడి పిడులు, ఎండలో పట్టుకుంటే అరచేయి చుర్రుమనేది. దాన్ని భుజాన వేసుకుని ఇల్లందు, టేకులపల్లి, జూలూరుపాడు వైపు తిరగని అడవి లేదు, దాటని వాగు లేదు. ముందు మా సర్వేయర్ సారు నల్ల గొడుగుతో, వెనక గొలుసుతో నేను. సారు ఎంత మెత్తని మనిషంటే దారికి అడ్డంగా పడుకున్న గేదెను కూడా మీరు కాస్త లేవండి అన్నట్టే అదిలించేవారు. పెరుగన్నం డబ్బా విప్పితే సగం నాకు పెట్టకుండా తినేవారు కారు. ఉద్యోగంలో నాకు దొరికిన మొదటి అదృష్టం ఆయనే.

ఆ రోజుల్లో ఇల్లందు అవతల అడవి అంచున రెండు చిన్న పట్టణాలు పక్కపక్కనే ఉండేవి. పేర్లు చెబితే ఇప్పటికీ మా ఊరు గొప్పంటే మా ఊరు గొప్పని కొట్లాటకొస్తారు కనుక చెప్పను. బొగ్గుబాయి ఉన్నదాన్ని బాయి ఊరనీ, వారం వారం సంత జరిగేదాన్ని సంత ఊరనీ అనుకుందాం. రెంటికీ మధ్య ఒక వాగు. చూసినవాడెవడైనా ఆ వాగే హద్దు అనుకుంటాడు. కానీ నక్షాలో అలా లేదు. వాగుకు ఇవతల, బాయి ఊరి ఇళ్ళకు ఆనుకునే ఉన్న ఒక వాడ, కాగితాల ప్రకారం వాగుకు అవతలి సంత ఊరిది. ఎవరు గీశారో, ఏ మధ్యాహ్నం నిద్రమత్తులో గీశారో తెలియదు గాని, ఆ గీత మూలంగా వాడలో పాతిక ముప్ఫై ఇళ్ళవాళ్ళకు ప్రతిదీ వాగు దాటి రావలసిందే. వాగు పొంగితే పోస్టుమాన్ రాడు, టీకాల నర్సమ్మ రాదు, పిల్లలకు బడి లేదు.

అన్నిటికన్నా కష్టం నీళ్ళది. వాడ మొదట్లో మోకాలెత్తు హద్దురాయి ఒకటి ఉండేది. ఆ రాయికి నాలుగడుగుల ఇవతల బాయి ఊరి ఆఖరి నల్లా. రాయికి అవతల నల్లా లేదు. వాడ ఆడవాళ్ళు ఎవరైనా ఆశపడి ఆ నల్లా కింద బిందె పెడితే, మీ నీళ్ళు మీ ఊళ్ళో పట్టుకోండని బిందెను కాలితో పక్కకు జరిపేవారు. సంత ఊరివాళ్ళు పైపు వేయాలంటే వాగు దాటించాలి, అంత శ్రద్ధ వాళ్ళకు లేదు. అందుకని తెల్లారగానే బిందె మీద బిందె పెట్టుకుని వాగు దిగి, ఒడ్డెక్కి, సంత ఊరి బావిలో తోడుకుని, మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కి తెచ్చుకునేవారు. ఆ వాడలోనే మా అక్క కాపురం. బావ బాయిలో పనిచేసేవాడు. పెళ్ళై పదేళ్ళు దాటినా వాళ్ళకు పిల్లలు లేరు.

ఒక వానాకాలం చివర్లో, హద్దును వాడ మొదటి నుంచి వాగు ఒడ్డుకు జరపడానికి కొలతలు తీసి నక్షా పంపమని మా సారుకు పైనుంచి కాగితం వచ్చింది. జరిపితే వాడ బాయి ఊళ్ళో కలుస్తుంది, కలిస్తే ఆ నల్లా పైపే ముందుకు సాగుతుంది. నా సంతోషం చూడాలి మీరు. రెండు రోజులు గొలుసు లాగాను. అక్క ఇంట్లోనే భోజనం. వాడ ఆడవాళ్ళంతా చుట్టూ చేరి ఏం కొలుస్తున్నరు, ఎందుకు కొలుస్తున్నరు అని ఒకటే ప్రశ్నలు. మా సారు జవాబు చెప్పబోయేలోగా, గొలుసు పట్టుకున్న గర్వంతో నేనే ముందుకొచ్చి ఆ హద్దురాయి మీద చెయ్యి వేసి ఉపన్యాసం ఇచ్చాను. 

"గీ రాయి ఉంటెనే మీకు నీళ్ళొస్తయి. దీన్ని ఎవ్వలు కదిలియ్యకుండ కండ్లల్ల పెట్టుకోని చూస్కోండ్రి."

నా ఉద్దేశం చాలా చిన్నది. మా కొలతలన్నీ ఆ రాయి నుంచే మొదలవుతాయి, బండి చక్రం తగిలో గొడ్డు రాసుకునో అది పక్కకు జరిగితే లెక్క మొత్తం మళ్ళీ చేయాలి. ఆ ముక్క చెప్పడం మాత్రం మరిచాను. చెప్పి, చేతులు దులుపుకుని, జూలూరుపాడు వైపు వేరే పనికి వెళ్ళిపోయాను.

నాలుగైదు నెలల తర్వాత ఫైలు కదిలి, జిల్లా నుంచి ఒక పెద్ద సారు జీపులో వచ్చారు. పద్ధతి ఏమిటంటే, ఆయన కళ్ళముందే పాత రాయి పెరికి, వాగు ఒడ్డున కొత్త రాయి పాతాలి, అప్పుడు ఆయన సంతకం చేస్తారు. మేము ఆఫీసు నుంచి చెక్కిన కొత్త రాయిని బండిలో వేసుకుని వాడ మొదటికి చేరేసరికి, హద్దురాయికి నిలువెల్లా పసుపు, కుంకుమ బొట్లు, మెడ అనుకోదగ్గ చోట వేపాకు దండ, నడుము అనుకోదగ్గ చోట ఎర్రని రవికె గుడ్డ, ముందర కొబ్బరి చిప్పలు. హద్దమ్మ అని పేరు కూడా పెట్టుకున్నారట. మొదటి బొట్టు పెట్టింది మా అక్కేనట. పెట్టిన నెలకే అక్క నీళ్ళోసుకుందట. అప్పటికి ఐదో నెల. నర్సమ్మ చూసి, బరువు ఎత్తవద్దని, బిందె ముట్టుకోనే వద్దని గట్టిగా చెప్పి వెళ్ళింది. బావ సైకిలుకు రెండు బిందెలు కట్టి తెచ్చేవాడు గాని, షిఫ్టు మారిన వారం అదీ కుదిరేది కాదు, అక్కే వాగు దిగేది.

కూలీలు గడ్డపారలు ఎత్తారు. మా అక్క వచ్చి రాయి ముందు చతికిలబడి, రెండు చేతులూ దాని చుట్టూ వేసింది. వెనకాలే వాడంతా.

"తమ్మీ, నువ్వే గద కదిలియ్యొద్దని చెప్పినవ్. ఇప్పుడు నువ్వే పెరక వస్తివా?"

అందరూ నావైపు తిరిగారు. మా సర్వేయర్ సారు కళ్ళద్దాల పైనుంచి చూసిన ఆ చూపు ఇవాళ్టికీ నా వీపు మీద ఉన్నట్టే ఉంటుంది. రాయి కదలకపోతే హద్దు జరగదు, హద్దు జరగకపోతే నల్లా రాదు, నల్లా రాకపోతే ఆ కడుపుతో అక్క ఎండాకాలమంతా వాగు దిగి ఎక్కాలి. రాయి కదిలిస్తే, కడుపు నిలబెట్టిన అమ్మవారు అలిగి వెళ్ళిపోతుందని అక్క భయం. నేను గొలుసు చూపించాను, నక్షా విప్పాను, నా తప్పు ఒప్పుకున్నాను, చెంపలు కూడా వేసుకున్నాను. ఎవరూ వినలేదు. పెద్ద సారు గడియారం చూసుకుని, మధ్యాహ్నానికి కొత్తగూడెంలో ఉండాలి, కుదరకపోతే ఫైలు వెనక్కి తీసుకుపోతానన్నారు. ఫైలు ఒకసారి వెనక్కి పోతే ఎన్నేళ్ళకు వస్తుందో నాకు తెలుసు.

అప్పుడు మా సారు గొడుగు మూసి, అక్క ఎదురుగా నేలమీద కూర్చున్నారు. ఏమీ వాదించలేదు. నీ భయం ఏమిటో చెప్పమ్మా అన్నారు. అక్క రాయిని నిమురుతూ, వాగు ఒడ్డున పెట్టినంక మల్ల కదిలిస్తరా అని అడిగింది. నేను బతికుండగా కదిలించనివ్వను అన్నారాయన. అక్క లేచింది. గడ్డపార పట్టుకున్న కూలీని చూసి కసిరింది.

"ఆడివిల్లను గడ్డపారతోని తోలుతరా ఏంది? జరంత ఆగుండ్రి."

ఇంట్లోకి వెళ్ళి పసుపు కలిపిన బియ్యం పళ్ళెంలో పోసుకుని, ఎండుకొబ్బరి కుడుకలూ వక్కలూ కొత్త రవికె గుడ్డా పెట్టుకుని వచ్చింది. అత్తింటికి పోయే ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు ఒడిబియ్యం పోసినట్టు, వాడలో ముత్తైదువలంతా వరసగా ఆ రాయికి ఒడిబియ్యం పోశారు. కొందరు ఏడ్చారు కూడా. తర్వాత వాళ్ళే చిన్న పారలతో, చేతులతో మట్టి తోడి రాయిని పైకి తీశారు. బావా, ఇంకో ముగ్గురు బాయి కార్మికులూ దాన్ని గంపలో పెట్టి మోశారు. ఎక్కడినుంచో డప్పులు వచ్చాయి. దారి పొడవునా ముందు నేను గొలుసు లాగుతూ, వెనక అమ్మవారు, ఆ వెనక వాడ. కొత్తగూడెం వెళ్ళాల్సిన పెద్ద సారు, నేను కూడా చెప్పులు విప్పాలా అని నా చెవిలో అడిగి, జవాబు వినకుండానే విప్పేసి నడిచారు.

సాగనంపిన రాయినే వాగు ఒడ్డున కొత్త హద్దుగా పాతాం. పెద్ద సారు సంతకం చేసి, ప్రసాదం తిని, మధ్యాహ్నం దాటాక గాని జీపెక్కలేదు. ఆఫీసు నుంచి తెచ్చిన చెక్కిన రాయి మిగిలిపోయింది. దాన్ని రిజిస్టరులో ఏమని రాయాలో మా సారు పాపం వారం రోజులు మథనపడ్డారు. అది చాలా ఏళ్ళు మా అక్క వాకిట్లో బట్టలుతికే బండగా పనిచేసింది.

ఎండలు ముదరకముందే పైపు వాడలోకి వచ్చింది. నల్లా విప్పే రోజు నేను సెలవు పెట్టి వెళ్ళాను. ముందు గాలి, తర్వాత ఎర్రమట్టి నీళ్ళు, ఆ తర్వాత తేట నీళ్ళు. బిందె నిండగానే అలవాటుగా వంగబోయిన అక్కను ఆపి నేనే ఎత్తాను. చంకన పెట్టుకోవడం రాక భుజానికెత్తితే సగం నా చొక్కా మీదే ఒలికింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వింది.

"ఇన్నేండ్ల సంది నీళ్ళు తాగినవ్ గని, మోసుడు నేర్వకపోతివి తమ్మీ."

అక్క నవ్వుతూనే అంది, నేనూ నవ్వేశాను. ఆ సంవత్సరం అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు ఆ పిల్లే ఇద్దరు పిల్లల తల్లి. ఆ వాడలో ఇంటింటికీ మోటారు, మిద్దె మీద ట్యాంకు. నీళ్ళ కోసం ఒకరి గడప ఒకరు తొక్కవలసిన పని లేదు, అది మంచిదే, కాదని ఎలా అంటాను. అక్క పోయి రెండేళ్ళవుతోంది. ఈమధ్య మా వంటింట్లో నల్లా తిప్పినప్పుడల్లా, మోసుడు నేర్వకపోతివి అన్న ఆ మాటే వినిపిస్తోంది. మా చిన్నతనంలో ఎనిమిదేళ్ళప్పటి నుంచీ ఇంటిల్లిపాదికీ ఊరి బావి నుంచి నీళ్ళు తెచ్చింది అక్కే. మగపిల్లవాడు బిందె పట్టుకుంటే నవ్వుతారని నాకు ఎవరూ ఆ పని చెప్పలేదు, నేనూ అడగలేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా గొలుసు లాగి ఊళ్ళూ అడవులూ కొలిచినవాణ్ణి, మా ఇంటికీ ఆ బావికీ మధ్య ఎంత దూరమో ఒక్కనాడూ కొలవలేదు. ఒలికింది పోగా మిగిలిన ఆ సగం బిందె తప్ప, అక్కకు నేను మోసిపెట్టిన నీళ్ళు లేవు.