యర్రమ్మ చేతిలో పాన

డెలానీపూర్ దిగువన గుట్టకు అతుక్కున్న రేకుల ఇళ్ళ సందులో ఇరవై మూడు గడపలున్నాయి. కుళాయి మాత్రం ఒక్కటే. ఎండాకాలం మూడు రోజులకోసారి, తెల్లవారి ఓ అరగంట నీళ్ళొస్తాయి. దాని పిడి ఎప్పుడో ఊడిపోయింది. ఇనప పానతో తిప్పాలి. ఆ పాన యర్రమ్మ నడుముకి దోపుకుని తిరుగుతుంది.

అది ఆమెకు ఊరికే రాలేదు. పదిహేడేళ్ళకు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవికొచ్చి, ఫీనిక్స్ బే జెట్టీలో మూటలు మోసే దానయ్యతో కాపురం చేసింది. నాలుగేళ్ళ కిందట ఈ కుళాయి దగ్గరే సందంతా నీళ్ళకోసం కలబడింది. బిందెలు లేచాయి, కర్రలు లేచాయి, చేపలు కోసే కత్తులూ లేచాయి. తల పగిలిన దానయ్య పదకొండో రోజున పోయాడు. పోలీసులొచ్చి ఎవరు కొట్టారని అడిగారు. ఎవరని చెబుతారు? అందరూ కొట్టారు. ఓట్లకొచ్చినవాళ్ళు రెండో కుళాయి వేయిస్తామన్నారు. అది ఇప్పటికీ వాళ్ళ నోట్లోనే ఉంది.

దినం భోజనాలు చేసి చెయ్యి కడుక్కోకముందే సందు ఒక మాట అనుకుంది. డ్రమ్ము వరసే మనిషి వరస. కుళాయి దగ్గర ఎవరు చెయ్యెత్తినా ఆ ఇంటి డ్రమ్ము నెల రోజులు వరస బయట. పాన దానయ్య పెళ్ళాం దగ్గరుండాలి. మనిషి తన చేతులు తానే కట్టేసుకుని ఆ తాడు కొస ఇంకొకరికి ఇస్తాడే, ప్రభుత్వమంటే అదే. పెద్ద చదువులు చదివినా అంతకన్నా తేలేది లేదు.

నాలుగేళ్ళూ ఒక్క చెయ్యీ లేవలేదు. మొన్న ఏప్రిల్లో ఆటో తోలే కన్నబాబు చెయ్యి లేచింది. వరసలో అతనిది పంతొమ్మిదో డ్రమ్ము. దాన్ని ముందుకి ఈడ్చుకొచ్చి, కుళాయి కింద నిండుతున్న నూకరత్నం డ్రమ్మును కాలితో తన్నాడు.

"హట్ దీదీ, పక్కకి జరుగు, నాకు ట్రిప్పుంది."

"ట్రిప్పుంటే నాకేటి? నీ ఆటో నీళ్ళతో నడుస్తాదేటి?"

నలుగురు నవ్వారు. ఆ నవ్వుకి కన్నబాబు నూకరత్నం జుట్టు పట్టుకుని, ఆమె నుదురు కుళాయి గట్టుకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నెత్తురు నీళ్ళతో కలిసి డ్రమ్ములోకి కారింది. కట్టుబడిన సందు కదలకుండా యర్రమ్మ వైపు చూసింది. ఆమె అనాల్సింది ఒక్కటే మాట: నీ డ్రమ్ము తియ్యి.

కానీ ఆ పగిలిన నుదుట్లో ఆమెకు దానయ్య తల కనబడింది. పాన లేచింది. మొదటి దెబ్బకు కన్నబాబు పళ్ళు రెండు రాలాయి. రెండోది భుజం మీద పడింది. మూడో దెబ్బకు మణికట్టు ఎముక ఎండుపుల్లలా విరిగింది. నాలుగోది నేలమీదున్న అతని తలకే గురిపెట్టింది.

ఆ చెయ్యి గాల్లో ఆగింది. పట్టుకున్నది నూకరత్నం. నెత్తురు కళ్ళలోకి కారుతోంది.

"సాలు పిన్నీ. పాన ఇటియ్యి."

"నీకోసమే కొట్టాను కదే."

"నన్ను కొట్టినోడికి నెల. మరి నీకో?"

"నా మొగుణ్ణి ఇచ్చి తెచ్చుకున్నానే ఈ పాన."

"బాబాయి పోయాడనే నీకిచ్చాం. కొట్టమని ఇవ్వలేదు."

డ్రమ్ము నిండి నీళ్ళు గుట్ట దిగి పోతున్నాయి; కట్టాలంటే పాన ఆమె చేతిలోనే ఉంది. యర్రమ్మ వంగి కుళాయి కట్టింది. పానకంటిన నెత్తురు కొంగుతో తుడిచి నూకరత్నానికిచ్చింది. వెళ్ళి తన డ్రమ్ము వరస బయటకి ఈడ్చి కన్నబాబు డ్రమ్ము పక్కన పడేసింది.

మూడో రోజు బిందెతో లోయలోని ఊట దగ్గరకి దిగింది. చేతికి కట్టుతో కన్నబాబు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచి పక్కకి జరిగాడు.

"ముందు నువ్వు పట్టుకో అత్తా," అన్నాడు, పళ్ళ సందుల్లోంచి గాలి పోతుండగా.

"నోరు మూసుకుని పట్టు. వరసలో నువ్వే ముందొచ్చావు."