చెయ్యి చూడటానికి పొట్టెందుకు

కబురు ముందు తెచ్చింది మా కూలీల ముఠామేస్త్రి. మిరపకాయలు ఆరబోసిన కల్లం నుంచి కొంగు బిగించి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, మీ కోడలు కాయలు పోసిన టార్పాలిన్ పట్టా మీద జారి చేతిమీద పడింది" అంది.

మణికట్టు బాగా వాచింది. ఎక్స్‌రేలో విరిగినట్టు తేలలేదు, సీటీ తీయించమన్నారు డాక్టరుగారు. కోడలికి అప్పుడు రెండో నెల. ఆ సంగతి డాక్టరుగారికీ చెప్పలేదు. మూడో నెల దాటేదాకా కడుపు మాట గడప దాటితే దిష్టి తగులుతుందని మా ఇంట్లో పట్టింపు. ఆ పట్టింపు నాదే.

స్కానింగ్ సెంటరు కిక్కిరిసి ఉంది. ఆపరేటరు తలుపు దగ్గర నిలబడి అందరి ముందూ అరిచాడు.

"ఏమ్మా, కడుపుతో ఏమన్నా ఉన్నావా?"

కోడలు నా ముఖం చూసింది. నేను కళ్లతోనే వద్దన్నాను.

"లేదండి" అంది పిచ్చిది.

"అయితే చెయ్యి పొట్టమీద పెట్టుకుని పడుకో. కదలబాకు."

అక్కడే పనిచేసే ఇంకో అమ్మాయి మా చూపులు కనిపెట్టినట్టుంది. కోడలు స్కానింగ్ బల్ల ఎక్కకముందే మమ్మల్ని పక్కగదిలోకి తీసుకెళ్లి, తలుపేసి, మెల్లగా అడిగింది. "నెల తప్పిందా అక్కా?"

కోడలు బావురుమంది.

ఆ అమ్మాయి డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగింది. తర్వాత కోడల్ని బోర్లా పడుకోబెట్టి, దెబ్బ తగిలిన చెయ్యి తలపైకి చాపించింది. పొట్ట ఆ గుండ్రటి యంత్రానికి దూరంగా ఉండిపోయింది.

"మణికట్టు వరకే తీస్తానక్కా, మోచెయ్యి దాకా అక్కర్లేదు. కిరణాలు కూడా తగ్గించా, ఎముక కనపడటానికి ఇది చాలు. కదిలావనుకో, మళ్లీ తీయాల్సొస్తది."

బయటికొచ్చి ఆపరేటరును నిలదీశాను.

"లేదని ఆమే అంది కదమ్మా, నాదేం తప్పు?"

"లేదంటే మాత్రం? చెయ్యి చూడటానికి పొట్టెందుకయ్యా మధ్యలో? కడుపు లేకపోతే ఆడదాని పొట్ట పొట్ట కాదా?"

"రద్దీలో అట్టాగే పెడతామండి."

"మేమూ రద్దీలోనే కాయ కోస్తాం. పక్కనున్న పూత రాలకుండా కోస్తాం!"

ఇది రాస్తుంటే ఇప్పటికీ కోపం ఆగట్లేదు. సగం అతని మీద, సగం నా మీద. ఇంట్లో కూర్చోబెట్టి నాకు అక్షరాలు దిద్దించిన నాన్న, అబద్ధం రాయొద్దన్నాడు. కళ్లతో ఆడే అబద్ధం సంగతి నేనే తెలుసుకోవాల్సింది.

మణికట్టులో చిన్న ఎముక చిట్లింది. కట్టు కట్టారు, అతుక్కుంది. ఇప్పుడు ఐదో నెల, బిడ్డ కదులుతోంది, అల్లా దయ. ఆ అమ్మాయిది కనిగిరట, అంతే తెలుసు. ఆమె ఎవరికి మొక్కుతుందో అడగలేదు. నా ప్రతి నమాజులో ఆమె ఉంటుంది. మీరు ఏ దేవుడికి మొక్కినా, ఆ కనిగిరి పిల్లను ఒక్కసారి తలచుకోండి.